గోదావరి ఒడ్డు నుంచి లండను దాకా – టంగుటూరి సూర్యకుమారి

మనమందరం ఉద్యోగకాలంలో ఎన్నో సభలలో ‘మా తెలుగు తల్లికి’ గీతం వినిపించగానే లేచి నిలబడిన వారమే. ఆ గీతం రచించిన శంకరంబాడి సుందరాచారి గారి పేరు మనలో కొందరికైనా గుర్తుంటుంది. కాని దానిని మొట్టమొదట తెలుగువారి ఇళ్ళకు చేర్చిన గొంతు ఎవరిదని అడిగితే వెంటనే చెప్పగలిగేవారు తక్కువ. ఆ గొంతు మన గోదావరి గడ్డదే. మండపేటలో బస్సెక్కితే గంట, గంటన్నరలో చేరుకొనే రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గారిది.

ఆమె 1925 నవంబరు 13న జన్మించారు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఆమెకు స్వయానా పెదనాన్నగారు. అవి స్వాతంత్ర్యోద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. పెదనాన్నగారి ఉపన్యాసాలు జరిగే సభలలో చిన్నవయసులోనే దేశభక్తి గీతాలు పాడి జనాన్ని కదిలించిన బాలిక ఆమె. వేదిక భయం అనేది ఆమెకు అప్పుడే పోయింది.

మర్యాదస్తుల ఇళ్ళ ఆడపిల్లలు సినిమాలలోకి వెళ్ళడమంటే నలుగురూ నొసలు చిట్లించే కాలమది. అటువంటి కాలంలో పన్నెండేళ్ళ ప్రాయంలోనే సూర్యకుమారి గారు ‘విప్రనారాయణ’ చిత్రంతో తెరమీదికి వచ్చారు. వెనుకనుంచి వేరొకరు పాడే పద్ధతి అప్పటికింకా స్థిరపడలేదు. నటించేవారే పాడుకోవాలి. కాబట్టి ఆమె గాత్రమే ఆమెకు పెట్టుబడి అయింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు జమీందారీ దౌర్జన్యాలపై తీసిన ‘రైతుబిడ్డ’లో నటించి పాడారు. జమీందారుల ఆగ్రహానికి, ప్రభుత్వ నిషేధానికి గురైన చిత్రమది. 1941లో వాహినీ వారి ‘దేవత’లో నాగయ్య గారి చెల్లెలిగా కనిపించారు. 1943 నాటి ‘కృష్ణప్రేమ’లో నారద పాత్ర ధరించారు. మగవేషం వేసి మెప్పించడం ఒక ఆడపిల్లకు ఆ రోజులలో చిన్న సాహసం కాదు.

ఇక అసలు పాట సంగతి. సుందరాచారి గారు ‘మా తెలుగు తల్లికి’ గీతాన్ని 1942లో ‘దీనబంధు’ చిత్రం కోసం వ్రాశారు. చిత్రంలో ఆ పాటకు చోటు దక్కలేదు. అంతటితో అది ఏ నోటుపుస్తకంలోనో మిగిలిపోయి ఉండేది. సూర్యకుమారి గారు దానిని గ్రామఫోను రికార్డుగా పాడారు. ఆ రికార్డు ఊరూరా తిరిగింది. సినిమా వద్దనుకొన్న పాట జనం నాలుకలపై నిలిచింది, 1975 నాటికి రాష్ట్ర గీతమైంది. బసవరాజు అప్పారావు, శ్రీశ్రీ వంటి కవుల గేయాలు కూడా చదువు రానివారి చెవిదాకా వెళ్ళడానికి ఆమె రికార్డులు దోహదం చేశాయి. పుస్తకంలోని కవిత్వాన్ని పాటగా మలచి అందరికీ పంచిన తొలితరం గాయనీమణులలో ఆమె ఒకరు.

1952లో ఆమె మిస్ మద్రాసుగా ఎంపికయ్యారు. 1955లో దిలీప్ కుమార్ నటించిన హిందీ చిత్రం ‘ఉడన్ ఖటోలా’లో రాణి పాత్ర పోషించారు. పేరు, అందం, అవకాశాలు అన్నీ చేతిలో ఉన్నాయి. చాలామంది అక్కడే కాలు నిలుపుకొంటారు. సూర్యకుమారి గారు మాత్రం తనను ఎవరూ ఎరుగని దేశాలకు బయలుదేరారు.

1961లో న్యూయార్కులో రవీంద్రనాథ ఠాగూరు నాటకం ‘చీకటిగది రాజు’ను ఆంగ్లంలో ప్రదర్శించారు. రాజును కళ్ళారా చూడలేక, చీకటిలో ఆయన స్వరం మాత్రమే వినగలిగిన సుదర్శన రాణి కథ అది. ఆ రాణి పాత్ర సూర్యకుమారి గారిది. అక్కడి విమర్శకులు ఉత్తమ నటిగా ఆమెకు బహుమతి ఇచ్చారు. తెలుగు సినిమాలో పాటలు పాడిన అమ్మాయి అమెరికా రంగస్థలంపై అటువంటి గౌరవం పొందడం అంతకుముందు కనీవినీ ఎరుగనిది.

ఆ తరువాత లండనులో స్థిరపడ్డారు. అప్పటికి వయసు నలభై దగ్గర పడింది. అక్కడ ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అనే సంస్థను నెలకొల్పి పాట, నృత్యం, నాటకం నేర్పసాగారు. భారతీయుల పిల్లలు, ఆంగ్లేయులు అందరూ ఆమె శిష్యులే. 1973లో కళాకారుడు, రచయిత హెరాల్డ్ ఎల్విన్ గారిని వివాహమాడారు. 1985లో ఆయన మరణించారు. ఆ లోటు తరువాత కూడా ఆమె నేర్పడం మానలేదు, ప్రదర్శనలు ఆపలేదు. 2005 ఏప్రిల్ 25న లండనులోనే, డెబ్బైతొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశారు.

దూరదేశంలో ఉండిపోవడం వల్ల ఆమెకు నష్టం జరగకపోలేదు. కళ్ళ ఎదుట లేనివారిని లోకం తొందరగా మరచిపోతుంది. ఆమె పాడిన పాట ఇక్కడ నిత్యం మోగుతూనే ఉంది, ఆమె పేరు మాత్రం మరుగున పడింది. పదవీ విరమణ చేసిన మనకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మనం నడిపిన దస్త్రాలు కార్యాలయాలలో ఇంకా ఉంటాయి, సంతకం ఎవరిదో కొత్తవారికి తెలియదు. అయితే సూర్యకుమారి గారి జీవితం మనకు మరొక మాట కూడా చెబుతోంది. చప్పట్లు ఆగిపోయిన చోట పని ఆగిపోనక్కరలేదు. తెరమీద వెలిగిన ఏళ్ళకంటే పిల్లలకు పాట నేర్పిన ఏళ్ళే ఆమెకు ఎక్కువ.

ఈసారి మన సంఘం సమావేశంలో ఆ గీతం ఆలపించే ముందు, రచయిత పేరుతోపాటు ఈ రాజమండ్రి ఆడపడుచు పేరు కూడా ఒక్కసారి తలచుకొందాం. అదే ఆమెకు మనం సమర్పించగల నివాళి.