వేషమూ వ్యక్తీ – చిత్తూరు నాగయ్య

తెలుగు చలనచిత్ర పరిశ్రమ నేడు హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో స్థిరపడి ఉన్నది. అది మద్రాసులో ఉన్న రోజులలో వెలుగొంది, అక్కడే కన్నుమూసిన మహానటుడు చిత్తూరు వి. నాగయ్య. నటుడు పాత్రను ధరిస్తాడు. మరి పాత్ర నటుణ్ణి ఎంతవరకు ఆవరిస్తుంది? ఈ ప్రశ్నకు ఆయన జీవితమే ఒక ఉదాహరణ.

ప్రశ్న మనకు కొత్తది కాదు. భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శంకుకుడు రంగస్థలం మీది రాముణ్ణి చిత్రంలోని గుర్రంతో పోల్చాడు. బొమ్మను చూసినవాడు గుర్రమనే అంటాడు గాని గోడ అనీ, రంగులనీ అనడు. పాశ్చాత్యులలో విలియం జేమ్స్, 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో, మనిషికి ఉండే 'నేను' ఒక్కటే కాదనీ, ఎదుటివారి గుర్తింపును బట్టి అది అనేకమవుతుందనీ వివరించాడు. మనస్తత్వశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ మక్కువతో పరిశోధించే అంశాలలో ఇది ఒకటి.

నాగయ్య 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రెంటచింతలలో జన్మించారు. చిత్తూరు నాటకరంగంలో పేరు తెచ్చుకొన్నందువల్ల ఆ ఊరే ఆయన ఇంటిపేరయింది. సారంగధర నాటకంలో ఆయన ధరించినది చిత్రాంగి పాత్ర. పురుషులు స్త్రీ పాత్రలు ధరించే కాలమది. 1938లో 'గృహలక్ష్మి'తో చిత్రరంగంలో ప్రవేశించి, మరుసటి సంవత్సరం బి.ఎన్. రెడ్డి 'వందేమాతరం'లో నాయకుడయ్యారు.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1943లో వచ్చిన 'భక్త పోతన' ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1946లో 'త్యాగయ్య'కు తానే దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, పాడి, నటించారు. 1947లో 'యోగి వేమన' వచ్చింది. భోగలాలసుడైన యువకుడు సర్వమూ వదలిన యోగిగా మారే కథ అది. ఒకే మనిషిలోని ఇద్దరు మనుషులను నాగయ్య అందులో చూపారు. ఆ గానం, ఆ మంద్రస్వరం, ఆ ప్రశాంతవదనం చూసిన జనం తెరమీది భక్తుణ్ణి వీధిలోని మనిషిలోనూ చూడసాగారు. ఎదురుపడితే పాదాలకు నమస్కరించేవారు.

విచిత్రమేమంటే, ఈ భక్తి చిత్రాల నడుమ 1945లో 'స్వర్గసీమ' ఉన్నది. ఇల్లాలిని విడిచి మరొక స్త్రీ వెంట వెళ్ళిన మూర్తిగా నాగయ్య అందులో నటించారు. ఆ నటన ఏ విధంగానూ తక్కువది కాదు. అయినా ఎవ్వరూ ఆయనను మూర్తి అని పిలువలేదు. లోకం తనకు కావలసిన నాగయ్యను ఏరుకొన్నది!

మద్రాసులోని ఆయన ఇల్లు ఒక సత్రంవలె ఉండేది. అవకాశాల కోసం ఊళ్ళు విడిచి వచ్చినవారు అక్కడ భోజనం చేసేవారు. చేయి చాచినవారికి లేదనడం ఆయన ఎరుగరు. ఈ దానగుణం పాత్రల వలన అబ్బినదని చెప్పడం తొందరపాటు. అది స్వభావసిద్ధమే కావచ్చు. కాని పోతనగా, త్యాగయ్యగా తనను కొలిచే లోకం ముందు చేయి ముడుచుకోవడం ఆయనకు మరింత కష్టమై ఉంటుంది. త్యాగయ్య వేషం తీసివేసినా, త్యాగయ్య మీది నమ్మకాన్ని జనం తీసివేయలేదు కదా.

1964లో, అరవై ఏళ్ళ వయసులో, 'రామదాసు' చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించి, తానే రామదాసుగా నటించారు. గోపన్న ఖర్చు చేసినది సర్కారు సొమ్ము; నాగయ్య ఖర్చు చేసినది తన సొమ్ము. 1965లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. అప్పటికే సంపద కరిగిపోయింది. ఒకనాడు అత్యధిక పారితోషికం అందుకొన్న నటులలో ఒకరైన ఆయన, తండ్రి పాత్రలు, ముని పాత్రలు, ఒకటి రెండు దృశ్యాలలో కనిపించి పోయే చిన్న వేషాలు సైతం స్వల్ప ప్రతిఫలానికి అంగీకరించారు. ఆ చిన్న వేషాలలోనూ ప్రేక్షకులు ఆయనను వేమనగానే గుర్తుపట్టేవారు.

1973 డిసెంబరు 30న నాగయ్య మద్రాసులో పరమపదించారు.