దేహచలన రహస్యము: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మనుష్యదేహమును గూర్చిన విజ్ఞానము రెండు శాఖలుగా నున్నది. ఏ యవయవ మెచ్చట నున్నది, దాని యాకార మెట్టిది, అది దేనితో సంధింపబడి యున్నది యని తెలుపునది శారీరశాస్త్రము. ఆ యవయవము తన పని నెట్లు నిర్వర్తించుచున్నది, దానికి శక్తి యెచ్చటనుండి వచ్చుచున్నది యని విచారించునది శరీరధర్మశాస్త్రము. చెన్నపట్టణమున మొదటిదానిని బోధించి, అమెరికాలో రెండవదాని మూలప్రశ్నలలో నొకదానికి సమాధానము కనుగొనుటలో ముఖ్యుడైన యాంధ్రుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందులనుబట్టి వారి పేరు మనకు తెలిసినది గాని, వారి కీర్తికి తొలిమెట్టైన దేహవిజ్ఞానము మనలో పెక్కురకు తెలియదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు పర్యాయములు తప్పి మూడవ పర్యాయము కృతార్థులైరి. రామకృష్ణ మిషనువారి సేవాధర్మమున కాకర్షితులై సన్యసింపదలచిరి కాని తల్లి వెంకమ్మగారు సమ్మతింపలేదు. పిమ్మట మద్రాసు వైద్యకళాశాలయందు చేరిరి. అది సహాయనిరాకరణోద్యమము దేశమును కదిలించిన కాలము. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని వారు శస్త్రచికిత్సాగారమున సైతము ఖద్దరునే ధరించిరి. ఆంగ్లేయుడైన శస్త్రవిద్యాచార్యున కది రుచింపలేదు. పరీక్షాపత్రములలో యోగ్యత చూపినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. కట్టిన బట్టనుబట్టి విద్యను కొలిచిన పరప్రభుత్వనీతికి ఇంతకన్న తార్కాణము వేరొకటి యక్కరలేదు.

ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకకపోగా, సుబ్బారావుగారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద కళాశాలయందు శారీరశాస్త్రోపన్యాసకులైరి. వయోజనుని దేహమున 206 అస్థులును, సుమారు 600 కండరములును గలవు. అస్థి తనంతట తాను కదలజాలదు. దానికి తగిలియున్న కండరము సంకోచించినప్పుడే కదలును. ఇంతవఱకు శవచ్ఛేదనము చూపగలదు. కండర మే శక్తిచే సంకోచించుచున్నదో శవము చెప్పజాలదు. ఆ సమాధానము వారికి దూరదేశమున లభింపవలసి యుండెను. సోదరులను బలిగొన్న సంగ్రహణి వ్యాధి వారినిగూడ పీడించి, లక్ష్మీపతిగారి చికిత్సచే నెమ్మదించెను. పిమ్మట మామగారి ధనసహాయముతో, భార్యను స్వదేశముననే విడిచి, అమెరికాకు ప్రయాణమైరి. మరల వారు మాతృభూమిని చూడలేదు.

బోస్టనులోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను నాచార్యునితో కలసి వారు పరిశోధన సాగించిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును, పుట్టిన నీలవర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వీరిరువురు 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారి పేరిటనే పిలువబడుచున్నది. ఆ పద్ధతినే కండరరసమునకు ప్రయోగింపగా నీలవర్ణ మాలస్యముగా నేర్పడుచుండెను. దానిని పరీక్షాదోషమని త్రోసిపుచ్చక కారణమును వెదకిరి. త్వరగా విచ్ఛిన్నమగు భాస్వరపదార్థ మొకటి కండరమున దాగియున్నట్లు తేలెను. 1927లో ప్రకటింపబడిన ఫాస్ఫోక్రియాటిన్ అదియే. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను మఱియొక పదార్థమును కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున దానిని స్వతంత్రముగా కనుగొనెను. ఈ గౌరవమున నితరులకు గల భాగమును చెప్పుటచే సుబ్బారావుగారి ఘనత తగ్గదు. స్వజాత్యభిమానము సత్యమును మీరరాదు.

కండరచలనమునకు లాక్టిక్ ఆమ్లమే కారణమని యప్పటి పండితుల మతము. కండరశక్తిని గూర్చి పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్ అను వారలకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. ఆ మతము 1930 నాటికి సడలిపోయెను. అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ నందు మూడు ఫాస్ఫేటు భాగములు వరుసగా కూర్పబడి యుండును. చివరిది విడివడునపుడు కలుగు శక్తియే కండరమును నడపుచున్నదని తరువాతివారు నిర్ధారించిరి. ఫాస్ఫోక్రియాటిన్ ఆపత్కాలపు నిధివంటిది; పరుగెత్తువానికి తొలి కొలదిక్షణముల బలము దానివలననే కలుగును. మనము భుజించు నన్నము చివరకు ఈ నాణెముగానే మారి ప్రతి జీవకణమునను వ్యయమగుచున్నది. ఇది లేనిదే సంకోచించిన కండరము మరల సడలజాలదు. మరణించినవాని యవయవములు బిగిసిపోవుటకు కారణ మిదియే. శవము చెప్పని రహస్యమును ఈ పదార్థము చెప్పినది.

ఇంతటి పరిశోధకునకు హార్వర్డులో స్థిరమైన యాచార్యపదవి లభింపలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా సిద్ధమై, సోదరులను చంపిన సంగ్రహణికే యౌషధమయ్యెను. 1947లో వెలువడిన హెట్రజాన్, గోదావరీతీరవాసులను తరతరములుగా వేధించిన బోదకాలు వ్యాధికి మందైనది. వారి బృందము సిద్ధపఱచిన అమినాప్టెరిన్ శిశువుల రక్తపు క్యాన్సరును కొంతకాలము అణచినట్లు 1948లో బోస్టను వైద్యులు ప్రకటించిరి. అదే సంవత్సరము ఆగస్టునెలలో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కులో స్వర్గస్థులైరి. తుదివఱకు వారు భారతీయులుగానే యుండిరి.

ఒక విద్యాలయము వారి ఖద్దరును చూచినది. మఱియొకటి పదవి నీయ వెనుదీసినది. ఆ రెండును ఇతరుల తప్పులు. వారి పేరును తలచి, వారి ప్రశ్నను మఱచుట మాత్రము మన తప్పు. మన బాలురు అస్థుల సంఖ్యను వల్లించుచున్నారు. తమ చేయి పైకి లేచుట కే శక్తి కారణమని ప్రశ్నించుటగూడ వారికి నేర్పవలయును. ఆ ప్రశ్న తెలుగు పాఠశాలలలో వినబడిననాడే భీమవరపు బిడ్డ ఋణము కొంతయైన తీరగలదు.