అన్నం ఒంటబట్టనీయని వ్యాధికి మందిచ్చిన యల్లాప్రగడ

తిన్న అన్నం జీర్ణమైతే చాలదు. చిన్నపేగు లోపలి గోడపై ఉండే సన్నని చూషకాలు పోషకాలను పీల్చుకుని శరీరానికి అందిస్తేనే అది ఒంటబడుతుంది. స్ప్రూ వ్యాధి ఆ చూషకాలనే దెబ్బతీస్తుంది. రోగి తింటూనే చిక్కి శల్యమవుతాడు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని ఆ వ్యాధి కొద్ది రోజుల వ్యవధిలో బలిగొన్నది. తానూ దాని బారినపడిన ఆయన, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అనంతరం అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతతో కుంగిన స్ప్రూ రోగులకు అది ఔషధమైంది. తోబుట్టువులకు దక్కని మందును లోకానికి అందించి, 1948లో 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.