గంగ ఒడిలో ఈత నేర్చి.. ఆసియా స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్

బిలాస్‌పుర్: 1948 లండన్ ఒలింపిక్స్‌లో హాకీ స్వర్ణం గెలిచిన భారత జట్టులో బిలాస్‌పుర్ రైల్వే పట్టణంలో పుట్టిన లెస్లీ క్లాడియస్ సభ్యుడు. అవే క్రీడలకు వెళ్లిన ఈతగాడు సచిన్ నాగ్‌కు పతకం రాలేదు. కానీ ఆయన అక్కడ నీటిలోకి దిగడమే విశేషం. 1947లో కలకత్తా అల్లర్ల వేళ కాలికి తూటా తగిలింది. కోలుకోవడానికి కనీసం రెండేళ్లు పడుతుందని వైద్యులు తేల్చారు. ఆయన అంతవరకు ఆగలేదు.

1920లో వారణాసిలో జన్మించిన నాగ్‌కు గంగానదే తొలి ఈతకొలను. పదేళ్ల వయసులో పోలీసుల నుంచి తప్పించుకునేందుకు నదిలో దూకి, అక్కడ జరుగుతున్న పోటీలో కలిసిపోయి మూడో స్థానంలో నిలిచారని చెబుతారు.

1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1 నిమిషం 4.7 సెకన్లలో ముగించి స్వర్ణం సాధించారు. ప్రధాని నెహ్రూ ఆ పోటీని తిలకించారు. ఆసియా క్రీడల ఈతలో భారత్‌కు నేటికీ అదొక్కటే వ్యక్తిగత స్వర్ణం.

ప్రపంచ స్థాయిలో అది వేగవంతమైన సమయం కాదు. 1896 ఏథెన్స్‌లో హాయోష్ సముద్రపు నీటిలో 1 నిమిషం 22.2 సెకన్లు తీసుకోగా, 1922లోనే వైస్‌ముల్లర్ 58.6 సెకన్లతో నిమిషం గడప దాటారు. 1976లో మాంట్‌గోమరీ 49.99, 2024లో పాన్ ఝాన్‌లే 46.40 సెకన్లు నమోదు చేశారు. గోడ వద్ద నీటిలోనే పల్టీ కొట్టి తిరగడం, అలలను అణచే లేన్ తాళ్లు, కళ్లద్దాలు ఈ వేగానికి తోడ్పడ్డాయి. తూటా గాయం నుంచి తేరుకున్న నాగ్‌ను ఆ అంకెలతోనే కొలవడం న్యాయం కాదు.

నాగ్ 1987లో మరణించారు. ధ్యాన్‌చంద్ పురస్కారం ఆయనకు 2020లో, మరణానంతరం దక్కింది.