మాతృభాషకు మహోపకారి స్నోరి స్టుర్లుసన్

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో హిమానీనదాలకూ, అగ్నిపర్వతాలకూ నిలయమైన ద్వీపం ఐస్‌లాండు. తొమ్మిదవ శతాబ్దిలో వైకింగులు ప్రధానంగా నార్వే నుండి ఓడలలో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. జనసంఖ్య స్వల్పమే అయినా వాఙ్మయ సంపదలో ఈ దేశం పెద్ద దేశాలకు తీసిపోదు. ఆ సంపదను భావితరాలకు అందించినవారిలో అగ్రగణ్యుడు స్నోరి స్టుర్లుసన్.

స్నోరి 1179లో పశ్చిమ ఐస్‌లాండులో ఒక స్థానిక నాయకుని ఇంట జన్మించాడు. తండ్రికి సంబంధించిన ఒక తగాదా పరిష్కారంలో భాగంగా, ఆనాడు దేశంలో మిక్కిలి ప్రతిష్ఠ గల యోన్ లోఫ్ట్‌సన్ ఈ బాలుని పెంచటానికి అంగీకరించాడు. ఆ విధంగా పసితనంలోనే కన్నవారి ఇల్లు విడిచిన స్నోరికి ఓద్ది అనే విద్యాకేంద్రంలో చదువుకొనే భాగ్యం కలిగింది.

1199లో ఒక ధనవంతుని కుమార్తెను వివాహమాడి, 1202లో మామగారి ఆస్తితో పాటు బోర్గ్ అనే స్థలాన్ని పొందాడు. నేటి బోర్గర్‌నెస్ పట్టణానికి చేరువలో ఉన్న ఈ బోర్గ్, కత్తిలోనూ కవిత్వంలోనూ దిట్టయైన వైకింగు వీరుడు ఎగిల్ స్కాల్లగ్రిమ్‌సన్ నివాసస్థానం. ఎగిల్ గాథను రచించినది స్నోరియేనని పలువురు పండితుల అభిప్రాయం. కొన్నేళ్ళకు అతడు రేక్‌హోల్ట్‌కు తరలివెళ్ళాడు. అతని పేరు గల వేడినీటి కొలనును నేటికీ యాత్రికులు అక్కడ దర్శిస్తారు.

1215లోనూ, మరల 1222లోనూ జాతీయ సభయైన ఆల్తింగులో అత్యున్నతమైన శాసనవక్త పదవి అతనిని వరించింది. అయితే అతడు నిస్వార్థపరుడని చెప్పలేము. ధనకాంక్ష, అధికారదాహం అతనిని బంధువులతోనే కలహాలలోకి దింపాయి.

కాని కలం పట్టినప్పుడు స్నోరి వేరొక మనిషి. ఆ దేశపు ప్రాచీన కవులు బంగారాన్ని సిఫ్ దేవత కేశాలని వర్ణించేవారు. క్షీరసాగర మథన కథ తెలియనివానికి నీలకంఠుడనే పేరు బోధపడనట్లే, పాత గాథలు మరచిన యువకవులకు ఆ వర్ణనలు అగమ్యగోచరం కాసాగాయి. ఆ లోటు తీర్చటానికే అతడు ఎడ్డా అనే గ్రంథం రచించాడు. తాను క్రైస్తవుడై ఉండికూడా పూర్వుల గాథలను తృణీకరించక భద్రపరచటం అతని విశాల హృదయానికి నిదర్శనం. నార్వే రాజుల చరిత్రయైన హైమ్స్‌క్రింగ్లా కూడా అతని రచనగానే ప్రసిద్ధి. ఐరోపా పండితులలో అధికులు లాటినులో రాస్తున్న రోజులలో అతడు మాతృభాషనే ఆశ్రయించాడు.

నార్వే రాజు హాకోన్ ఆదరణను పొందిన స్నోరి, 1239లో ఆ రాజు ఆజ్ఞను ధిక్కరించి స్వదేశానికి తిరిగివచ్చాడు. రాజాగ్రహం అతనిని వెన్నాడింది. 1241 సెప్టెంబరు 23 రాత్రి అతని మాజీ అల్లుడు గిసూర్ అనుచరులతో రేక్‌హోల్ట్‌ను ముట్టడించాడు. నేలమాళిగలో దాగిన వృద్ధుని, చేత ఆయుధం లేనివానిని, అక్కడే వధించారు.

1262 నుండి 1264 లోపల ఐస్‌లాండు నార్వే రాజుకు లోబడిపోయింది. స్నోరి కూడబెట్టిన ఆస్తి, ఏలిన అధికారం అన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి. హైమ్స్‌క్రింగ్లా ప్రాచీన ప్రతి ఒకటి 1728లో కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో దగ్ధమై, ఒక్క పత్రం మాత్రమే మిగిలింది. అయినా ఇతర ప్రతుల మూలంగా గ్రంథం నిలిచింది. 1944లో గణతంత్రమైన ఐస్‌లాండు ఆ పూర్వవాఙ్మయాన్ని తన జాతీయ సంపదగా ఆరాధిస్తున్నది.

విద్యార్థులారా! పదవి మనిషితో పోతుంది. తన భాషకు చేసిన సేవ మాత్రం అతని అనంతరం కూడా జాతిని నిలబెడుతుంది. స్నోరి జీవితం మనకిచ్చే సందేశమిదే.