తనవారికే నిజం చెప్పిన షోయబుల్లా ఖాన్

సూర్యాపేటలో పిల్లలకు పాఠాలు చెబుతున్న రోజుల్లో ఒక సాయంత్రం తొమ్మిదేళ్ల కుర్రవాడు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. ఆటలో తగవు వచ్చి తోటి పిల్లలు అతన్ని రజాకార్ అన్నారట. రజాకార్ అంటే ఏమిటి ఉస్తాద్ అని అడిగాడు. ఆ రోజు వాడికి షోయబుల్లా ఖాన్ మర్హూం జీవితం చెప్పాను. ఈ జుమా నాడు దాన్నే మీ ముందుంచుతున్నాను.

షోయబుల్లా ఖాన్ 1920లో మహబూబాబాద్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్న ఆ యువకుడు సర్కారు కొలువు కోరలేదు. కలం పట్టారు. మొదట తేజ్ పత్రికలో, తర్వాత మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికలో పనిచేశారు. నిజాం ప్రభుత్వం రయ్యత్‌ను మూయించింది. ఆయన వెనుకంజ వేయకుండా 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను తానే స్థాపించారు. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం.

అవి గడ్డు రోజులు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు గ్రామాల మీద పడుతున్నారు. మన నల్గొండ జిల్లా పల్లెలు ఎంతగా నలిగిపోయాయో పెద్దలు చెప్పగా విన్నాం. ముస్లిం అయితే మనవాడు, కాకపోతే పరాయివాడు అన్నదే ఆనాటి లెక్క. కాని నిజం అలా లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న రైతు షేక్ బందగీ ముస్లిం. రజాకార్లతో చేతులు కలిపిన దేశ్‌ముఖుల్లో హిందువులున్నారు.

తనవారు అన్యాయం చేస్తున్నారని తెలిసి కూడా వారికి కొమ్ముకాయడమే అసబియ్యత్ అని దైవప్రవక్త (స) బోధించారు. ఉర్దూలో మనం తఅస్సుబ్ అనే మాట ఆ ధాతువు నుంచే వచ్చింది. షోయబుల్లా ఖాన్ తన జీవితంతో నిరాకరించింది దీన్నే. ఉర్దూ చదివే ముస్లింలకు, ఉర్దూలోనే, రజాకార్ల దౌర్జన్యం తప్పని రాశారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశారు. పరాయివారి తప్పు ఎంచడం తేలిక. సొంత ఇంటివారి తప్పు ఎంచడానికి గుండె కావాలి.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు భారతదేశంలో విలీనం కావాలంటూ ప్రకటన చేశారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చువేసింది. ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ నుంచి ఇంటికి వెళ్తుండగా దుండగులు ఆయన్ను కాల్చి, చేయి నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ కూడా ఒక చేయి కోల్పోయారు. తెల్లవారకముందే షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

మూడు వారాలు గడిచాయి. సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ మీదుగా, మన సూర్యాపేట దారినే హైదరాబాదుకు కదిలింది. 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత అదే లెక్క తిరగబడింది. ముస్లిం అయితే రజాకారే అన్నారు. సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. అయితే తోటి ముస్లిం నేతపనివారిని కాపాడబోయి ప్రాణాలిచ్చిన హిందూ నేతపనివారున్నారని కూడా ఆ కమిటీయే రాసింది. షోయబుల్లా లాంటివారు అటువైపూ ఉన్నారన్నమాట.

అంతా విన్న కుర్రవాడు, ఆయన ముస్లిమేనా ఉస్తాద్ అని అడిగాడు. అవును బేటా, రజాకార్లను ఎదిరించినవాడూ ముస్లిమే అన్నాను. కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక నాకు నా సంగతే గుర్తొచ్చింది. చిన్నతనంలో మిర్యాలగూడలో నాకొక దూదేకుల స్నేహితుడుండేవాడు. ఉర్దూ రాని తురకవాడని నలుగురితో కలిసి నేనూ అతన్ని నవ్వాను. ఆ తర్వాత అతను మా ఇంటికి రాలేదు. క్షమాపణ అడగడానికి వెళ్లేసరికి ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయింది. మన పిల్లలను ఎవరైనా ఒక మాట అంటే మనకు మండుతుంది, మండాలి కూడా. కాని సంబంధం చూడబోయి పిల్ల నలుపు అని పెదవి విరిచేది, ఫలానా బిరాదరీ అని మొహం తిప్పుకునేది మనమే కదా! తఅస్సుబ్ మన గుమ్మంలోనూ ఉంది. షోయబుల్లా ఖాన్ మొదట తనవారితోనే మాట్లాడారు. మనమూ అక్కడే మొదలుపెట్టాలి.

అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక! ఆమీన్.