దాసరి సుబ్రహ్మణ్యం

దాసరి సుబ్రహ్మణ్యం (అక్టోబరు 25, 1932 - జనవరి 27, 2010) తెలుగు బాలసాహిత్యంలో అద్భుత, సాహస ధారావాహికల రచయితగా ప్రసిద్ధుడు. చందమామ మాసపత్రిక సంపాదక వర్గంలో 1952 నుండి 2006 వరకు, అనగా యాభై ఏళ్ళకు పైగా పనిచేశాడు. 1954 - 1980 మధ్య కాలంలో చందమామలో వెలువడిన పన్నెండు ధారావాహికలు ఈయన రచనలే. తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు మొదలైనవి వీటిలో బాగా ప్రజాదరణ పొందినవి. అయితే ఇవి వెలువడిన కాలంలో పత్రికలో రచయిత పేరు ప్రచురించే ఆనవాయితీ లేదు. అందువలన ఆ కథలను చదివి పెరిగిన రెండు మూడు తరాల పాఠకులకు పాత్రల పేర్లు కంఠస్థమైనా, వాటిని సృష్టించిన వ్యక్తి పేరు చాలాకాలం తెలియలేదు.

బాల్యం, నేపథ్యం

సుబ్రహ్మణ్యం అప్పటి గుంటూరు జిల్లాలో, తెనాలి ప్రాంతంలోని పెదగాదెలవర్రు గ్రామంలో జన్మించాడు. తెనాలి ఆ రోజుల్లో నాటకాలకు, పత్రికలకు, పుస్తక ప్రచురణకు పేరు పొందిన పట్టణం. చందమామ వ్యవస్థాపకులలో ఒకడైన చక్రపాణి, ఆ పత్రికను దాదాపు మూడు దశాబ్దాలు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలి ప్రాంతం వారే. చందమామ అచ్చయినది మద్రాసులోనే అయినా, దాని తెలుగు నుడికారంలో తెనాలి ప్రాంతపు వాసన ఉండడానికి ఇది ఒక కారణం.

చందమామలో ప్రవేశం

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామను ప్రారంభించారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు పత్రిక సంపాదకత్వ బాధ్యతలు చేపట్టాడు. అదే సంవత్సరం సుబ్రహ్మణ్యం సంపాదక వర్గంలో చేరాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్ళు. పత్రికకు వచ్చే కథలను చదివి ఎంపిక చేయడం, వాటిని చందమామ శైలికి తగినట్లు తిరగరాయడం, కొత్త కథలు రాయడం సంపాదక వర్గం నిత్యం చేసే పనులు. పొట్టి వాక్యాలు, తేలికైన మాటలు, ఎక్కడా ఆగకుండా సాగే కథనం ఈ పత్రిక లక్షణాలు. సుబ్రహ్మణ్యం శైలి ఈ వాతావరణంలోనే రూపు దిద్దుకున్నది.

ఆ కాలంలో చందమామలో జానపద కథలు, పురాణ కథలు, బేతాళ కథలు, ప్రపంచ సాహిత్యం నుండి గ్రహించిన కథలు వస్తూండేవి. ఇవి దాదాపు అన్నీ అంతకు ముందే ఎక్కడో ఉన్న కథలను ఆధారం చేసుకున్నవి. నెలనెలా కొనసాగే సాహస ధారావాహికకు ఒక కల్పిత ప్రపంచాన్ని నిర్మించి, దానిని ఏడాది, రెండేళ్ళ పాటు నడిపించవలసి ఉంటుంది. ఆ బాధ్యత సుబ్రహ్మణ్యం పైన పడింది.

ధారావాహికలు

చందమామలో వెలువడిన సుబ్రహ్మణ్యం ధారావాహికలు, అవి మొదలైన సంవత్సరాలు ఇవి:

తోకచుక్క (1954)
మకరదేవత (1955)
ముగ్గురు మాంత్రికులు (1957)
కంచుకోట (1958)
జ్వాలాద్వీపం (1960)
రాకాసిలోయ (1961)
పాతాళదుర్గం (1966)
శిథిలాలయం (1968)
రాతిరథం (1970)
యక్షపర్వతం (1972)
మాయాసరోవరం (1976)
భల్లూక మాంత్రికుడు (1978)

మొదటిదైన తోకచుక్క కథ కుండలినీ ద్వీపంలో ప్రారంభమవుతుంది. ఆకాశంలో తోకచుక్క కనిపించడం, సేనాని సమరసేనుడు ఓడలతో సముద్ర యాత్రకు బయలుదేరడం, తెలియని ద్వీపంలో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల వైరంలో చిక్కుకోవడం ఇందులోని ముఖ్య సంఘటనలు. మాంత్రికులు బద్ధ శత్రువులు కాగా, సామాన్య మానవుడైన సమరసేనుడు తన బుద్ధిబలంతో వారిద్దరి మధ్య నిలదొక్కుకోవలసి వస్తుంది. ఈ అమరిక ఆయన తరువాతి కథలలోనూ కనిపిస్తుంది.

ముగ్గురు మాంత్రికులులో పింగళుడు, కంచుకోటలో చంద్రవర్మ, రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు, పాతాళదుర్గంలో ధూమక, సోమకులు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి, రాతిరథం, యక్షపర్వతాలలో ఖడ్గవర్మ, జీవదత్తుడు, మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు, భల్లూక మాంత్రికుడులో కాలీవర్మ ప్రధాన పాత్రలు. చందమామ పాఠకులలో చాలామందికి ఈ పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

కథన పద్ధతి

సుబ్రహ్మణ్యం కథలలో దేశం, కాలం నిర్దిష్టంగా ఉండవు. అరణ్యాలు, కొండ గుహలు, పాడుబడిన ఆలయాలు, నదీలోయలు, సముద్ర ద్వీపాలు కథా రంగాలు. రాక్షసులు, యక్షులు, వింత జంతువులు, మాంత్రికులు, కాపాలికులు, కొండజాతుల నాయకులు, దొంగల ముఠాలు అడుగడుగునా ఎదురవుతారు. అయినా ఈ కల్పిత లోకానికి ఒక నియమం ఉంటుంది. ఏ మాంత్రికుడి శక్తికైనా ఒక హద్దు, ఒక బలహీనత ఉంటాయి. వాటిని కనిపెట్టడమే నాయకుడి పని. అందుచేత కథలో మంత్రతంత్రాలు ఎన్ని ఉన్నా, గెలుపు మాత్రం ధైర్యం, సమయస్ఫూర్తి, స్నేహం వలన లభిస్తుంది.

కథానాయకులు సాధారణంగా ఇద్దరు. ఒకరు ఆవేశపరుడైతే మరొకరు ఆలోచనాపరుడు. ఒకరి చేతిలో ఖడ్గం ఉంటే మరొకరి చేతిలో దండమో శూలమో ఉంటుంది. ఖడ్గవర్మ, జీవదత్తుల జంట దీనికి మంచి ఉదాహరణ. ఈ జంట పాఠకాదరణ పొందినందున రాతిరథం ముగిసిన వెంటనే యక్షపర్వతంలో కూడా వారి సాహసాలే కొనసాగాయి. నాయకులందరూ రాజకుమారులు కారు. శిథిలాలయంలోని శిఖిముఖి శబర యువకుడు. అడవిని, కొండను ఎరిగినవాడి తెలివి రాజకుమారుడి యుద్ధవిద్యకు తీసిపోదని ఆ కథ చూపుతుంది.

ప్రతి భాగమూ ఒక ప్రమాదం వద్ద ఆగుతుంది. చెట్టు పైనుండి ఎవరో దూకడం, గుహలోంచి గర్జన వినిపించడం, తాడు తెగిపోవడం వంటి ఘట్టంతో ఆ నెల కథ ముగుస్తుంది. తరువాతి నెల సంచికలో మొదట కొద్ది వాక్యాలలో జరిగిన కథ చెప్పి, అదే ప్రమాదం నుండి కథ తిరిగి మొదలవుతుంది. పాఠకులు నెలంతా తరువాతి సంచిక కోసం ఎదురుచూడడానికి ఈ పద్ధతి ప్రధాన కారణం. సంచికలలోని ధారావాహిక పుటలను విడదీసి, కుట్టి, పుస్తకంగా బైండు చేయించుకుని దాచుకున్న కుటుంబాలు తెలుగునాట అనేకం ఉన్నాయి.

చిత్రా బొమ్మలు

ఈ ధారావాహికలకు చాలావరకు బొమ్మలు వేసినది చిత్రా అనే పేరుతో ప్రసిద్ధుడైన టి.వి. రాఘవన్. ప్రతి భాగంలోనూ పుటపుటకూ బొమ్మ ఉండేది. ఏకాక్షి ఒంటికన్ను, రాక్షసుల కోరలు, శిథిలాలయపు స్తంభాలు పాఠకుల ఊహలో స్థిరపడడానికి ఈ బొమ్మలు ఎంతో తోడ్పడ్డాయి. 1978లో మరణించే వరకు చిత్రా చందమామకు బొమ్మలు వేశాడు.

తెలుగులో నేటి అర్థంలో కామిక్స్ పుస్తకాలు అరుదుగా ఉన్న కాలంలో, బొమ్మా కథా కలిసి నడిచే ఈ ధారావాహికలే పిల్లలకు ఆ లోటు తీర్చాయి. పాశ్చాత్య దేశాలలో సైన్స్ ఫిక్షన్, కామిక్స్ చేసిన పనిని, అనగా తెలియని లోకాలను, వింత ప్రాణులను, మానవ శక్తికి మించిన శత్రువులను చూపి ఊహాశక్తిని పెంచడాన్ని, తెలుగులో జానపద సామగ్రితో సుబ్రహ్మణ్యం సాధించాడు.

పేరు లేని రచయిత

చందమామలో సంపాదక వర్గం వారి రచనలకు పేరు వేసేవారు కాదు. కొడవటిగంటి కుటుంబరావు పత్రిక కోసం రాసిన అనేక రచనలు కూడా పేరు లేకుండానే వెలువడ్డాయి. అయితే కుటుంబరావుకు కథకుడిగా, నవలాకారుడిగా, వ్యాసకర్తగా చందమామ వెలుపల గొప్ప పేరు ఉన్నది. సుబ్రహ్మణ్యం ముఖ్య రచనలన్నీ చందమామలోనే వెలువడినందున ఆయనకు ఆ అవకాశం లేకపోయింది.

ఇటువంటి పరిస్థితి ఇతర దేశాలలోనూ ఉండేది. అమెరికాలో ఆటో బైండర్, ఎడ్మండ్ హామిల్టన్ వంటి సైన్స్ ఫిక్షన్ రచయితలు 1940, 1950 దశకాలలో కామిక్స్ పుస్తకాలకు కథలు రాసినప్పుడు సాధారణంగా వారి పేర్లు ముద్రించేవారు కాదు. కాని వారికి సైన్స్ ఫిక్షన్ పత్రికలలో అంతకుముందే పేరున్నది. సుబ్రహ్మణ్యం విషయంలో పాఠకుల సంఖ్య ఎంత పెరిగినా ఆయన మరుగుననే ఉన్నాడు. చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడడం వలన ఈ కథలు తెలుగు ఎల్లలు దాటాయి. హిందీలో తోకచుక్క ధూమకేతు పేరుతో, రాకాసిలోయ భయంకర్ ఘాటీ పేరుతో వచ్చాయి. వీటిని చదివిన హిందీ పాఠకులలో చాలామందికి ఇవి మొదట తెలుగులో రాసినవని కూడా తెలియదు.

విరామం, పునఃప్రవేశం

1974లో యక్షపర్వతం ముగిసిన తరువాత సుబ్రహ్మణ్యం ధారావాహికలకు కొంత విరామం ఏర్పడింది. ఆ కాలంలో బంకించంద్ర ఛటర్జీ నవల దుర్గేశనందిని, దాని తరువాత నవాబు నందిని చందమామలో వెలువడ్డాయి. చక్రపాణికి బెంగాలీ సాహిత్యంతో గాఢమైన పరిచయం ఉండేది. ఆయన 1975లో మరణించాడు. 1976లో మాయాసరోవరంతో సుబ్రహ్మణ్యం మళ్ళీ ధారావాహిక రచనకు పూనుకున్నాడు. దాని తరువాత భల్లూక మాంత్రికుడు వచ్చింది.

1980లో భల్లూక మాంత్రికుడు ముగిసింది. అదే సంవత్సరం ఆగస్టు 17న కొడవటిగంటి కుటుంబరావు మరణించాడు. ఆ తరువాత సుబ్రహ్మణ్యం మరో ఇరవై ఆరేళ్ళు పత్రికలో పనిచేసినా, చందమామలో ఆయన కొత్త ధారావాహిక రాలేదు. రచయితగా ఆయన పేరు తెచ్చుకోవలసిన రచనలన్నీ నలభై ఎనిమిదేళ్ళ వయసుకే పూర్తయ్యాయి. తరువాతి తరాల పిల్లలు ఆయన పాత ధారావాహికలను చందమామ పునర్ముద్రణలలో చదివారు.

ఇతర రచనలు

చందమామ ధారావాహికలు కాక సుబ్రహ్మణ్యం అనేక చిన్న కథలు రాశాడు. చందమామ వెలుపల ఆయన రాసిన ధారావాహికలలో బొమ్మరిల్లు పిల్లల పత్రికలో వెలువడిన మృత్యులోయ ప్రసిద్ధమైనది.

చివరి దశ

1998లో చందమామ ప్రచురణ ఆగిపోయి, 1999 చివరలో తిరిగి మొదలైంది. ఈ ఒడిదుడుకుల తరువాత కూడా సుబ్రహ్మణ్యం పత్రికలో కొనసాగాడు. 2006లో ఉద్యోగ విరమణ చేశాడు. చివరి కాలం విజయవాడలో గడిపి, 2010 జనవరి 27న తన 77వ ఏట అక్కడే మరణించాడు. మరి కొద్ది సంవత్సరాలకే చందమామ ప్రచురణ కూడా నిలిచిపోయింది.

గుర్తింపు

2000 దశకంలో చందమామ పాత సంచికలపై ఆసక్తి పెరిగింది. బాల్యంలో ఈ ధారావాహికలు చదివి, అప్పటికి నడివయసుకు వచ్చిన పాఠకులు వాటి రచయిత ఎవరా అని ఆరా తీయసాగారు. ఆ విధంగా సుబ్రహ్మణ్యం పేరు తొలిసారిగా విస్తృతంగా వెలుగులోకి వచ్చింది. తోకచుక్క వెలువడి అప్పటికి యాభై ఏళ్ళు. జీవిత చరమాంకంలో ఆయనకు అభిమానుల పలకరింపులు లభించాయి. ఆయన మరణానంతరం కథలు, ధారావాహికలు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వెలువడ్డాయి.

తెలుగు సాహిత్య చరిత్రలలో బాలసాహిత్యానికి, అందులోనూ అద్భుత సాహస కథలకు లభించిన చోటు స్వల్పం. కాని తెలుగు చదవడం చందమామతోనే అలవాటైందని చెప్పుకునే వారు ఎందరో ఉన్నారు. నెలనెలా సంచిక రాగానే ముందుగా ధారావాహిక పుటలను తెరిచిన ఆ పాఠకులకు చదువుపై మక్కువ కలిగించిన వారిలో దాసరి సుబ్రహ్మణ్యం ముఖ్యుడు.